వేడర్స్‌లో నీళ్లు నిండితే మనిషి మునిగిపోతాడా?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగు పాఠకుడు ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. అక్కడ నవంబరు 15 నుంచి 30 వరకు తుపాకీతో జింకలను వేటాడే కాలం. ఆయనతో పనిచేసేవారు కొందరు తెల్లవారకముందే వేడర్స్ (బూట్లూ ప్యాంటూ ఒకటిగా అతికించిన, ఛాతీ దాకా వచ్చే, నీరు చొరని తొడుగు) తొడుక్కుని, నడుములోతు ఏరు దాటి, అవతలి చిత్తడి నేలల్లో మాటు వేస్తారట. ఈ ఏడు ఆయనను కూడా రమ్మన్నారు. పిలిచినవాళ్లే ఒక హెచ్చరిక కూడా చేశారు. కాలు జారి వేడర్స్‌లోకి నీళ్లు జొరబడ్డాయంటే, ఆ నీటి బరువే మనిషిని అడుక్కి లాగేస్తుందట. ఇది నిజమేనా అని ఆయన సందేహం.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. పైగా కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కూ, మచ్చల జింక తెలంగాణకూ రాష్ట్ర జంతువులు. అమెరికాలో తెల్లతోక జింకల వేట లైసెన్సుల మీద, రాష్ట్ర ప్రభుత్వాల నిబంధనల ప్రకారం సాగుతుంది. వేట మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే జింకలు మనుషుల అలికిడి ఉన్న దారులను వదిలి, చుట్టూ నీరు ఉన్న దిబ్బలకు చేరుకుంటాయి. వాటిని వెతుక్కుంటూ వెళ్లేవారికి ఈ నీరు చొరని తొడుగు అవసరమవుతుంది.

ఇక ప్రశ్నకు వస్తే, నీటి బరువు మనిషిని అడుక్కి లాగుతుందన్న మాటలో నిజం లేదు. ఎందుకు లేదో తెలుసుకోవడానికి బావిలో చేద వేసి నీళ్లు తోడిన అనుభవం చాలు. చేద నిండా నీళ్లున్నా, అది బావి నీటిలో మునిగి ఉన్నంతసేపూ తాడు మీద దాని బరువు దాదాపుగా తెలియదు. చేద అంచు నీటి మట్టాన్ని దాటి పైకి తేలడం మొదలుపెట్టిన క్షణం నుంచి ఒక్కొక్క అంగుళానికీ తాడు బిగుస్తుంది, పూర్తిగా పైకి వచ్చేసరికి చేతులు లాగేస్తాయి. చేదలోని నీరు మారలేదు. దాని చుట్టూ ఉన్న నీరు మాత్రం లేకుండా పోయింది. మునిగి ఉన్నప్పుడు చేదలోని ప్రతి లీటరునూ భూమి ఎంత బలంతో కిందికి లాగుతుందో, చుట్టూ ఉన్న నీటి పీడనం సరిగ్గా అంతే బలంతో పైకి నెడుతుంది. నీటిలో ఉన్న నీటికి బరువు తెలియదు. వేడర్స్‌లోకి 30 లీటర్లు చేరాయనుకుందాం. మనిషి ఏటిలో ఉన్నంతవరకు ఆ 30 కిలోల లెక్క సున్నాయే.

అయితే చేద ఉదాహరణ ఇక్కడితో అయిపోలేదు. మునిగి ఉన్న చేదను నెమ్మదిగా లాగితే సులువుగా వస్తుంది. ఒక్కసారిగా విసురుగా లాగి చూడండి, మొరాయిస్తుంది. బరువు పోయినా ద్రవ్యరాశి పోలేదు కాబట్టి, కదలని నీటిని కదిలించడానికి ఆ ద్రవ్యరాశికి తగ్గ బలం కావలసిందే. నీళ్లు నిండిన వేడర్స్‌తో ఈదబోయే మనిషికి ఇదే అనుభవం. అతని ఒక్కొక్క కాలు సుమారు 12 కిలోలైతే, దాని చుట్టూ మరో 12, 15 కిలోల నీరు చేరి, తన్నిన ప్రతిసారీ కాలు రెండింతలైనట్టు అనిపిస్తుంది. ఈ భారమైన కదలికనే జనం కిందికి లాగడంగా పొరబడుతున్నారని నా ఊహ. ఇక మూడో దశ, చేద నీటి మట్టాన్ని దాటే దశ. మనిషి ఒడ్డుకు చేరి పైకి ఎక్కబోయినప్పుడు ఇది ఎదురవుతుంది. అంతదాకా లేని 30 కిలోలు ఒక్కొక్క అడుగుకూ వచ్చి మీద పడతాయి. అది బురద గట్టు, వేళ్లు చలికి కొంకర్లు పోయి ఉంటాయి. అప్పుడు నిలబడటానికి ప్రయత్నించకూడదు. చేదను గట్టుకు ఆనించి వంచినట్టే, ఒడ్డున బోర్లా పాకి, వెల్లకిలా తిరిగి, కాళ్లు పైకెత్తి నీటిని నడుము వైపు నుంచి ఒంపేయాలి.

మన బడుల్లో ఆర్కిమెడిస్ సూత్రం చెప్పేటప్పుడు ఆయన స్నానపు తొట్టెలోంచి లేచి వీధిలోకి పరుగెత్తిన కథ మీదే సగం పీరియడు గడిచిపోతుంది. ‘తొలగించిన ద్రవం బరువుకు సమానం’ అన్న వాక్యాన్ని పరీక్షలో తు.చ. తప్పకుండా రాసిన పిల్లవాడిని, నీటితో నిండిన చేద నీటిలో ఎందుకు తేలికగా ఉంటుందని అడిగితే, చేదలో ఉన్నదీ నీరే, బయట ఉన్నదీ నీరే కదా అని తికమక పడతాడు. కిరీటంతో కాక చేదతో పాఠం మొదలుపెడితే బాగుండేది.

మరి ప్రమాదం ఎక్కడుంది? నీరు మనిషికి బరువు కలపడంలో కాదు, అతని బరువును తీసివేయడంలో. కాస్త లెక్క వేద్దాం. 70 కిలోల మనిషి మోకాలిలోతు నీటిలో నిలబడితే పాదాల మీద ఇంకా 60 కిలోలకు పైగా బరువు ఉంటుంది. నడుములోతుకు వెళ్లేసరికి దాదాపు సగం, అంటే 35 కిలోలే మిగులుతుంది. పాకుడు రాళ్ల మీద ఘర్షణ గుణకాన్ని (పాదాల మీది బరువులో ఎంత వంతు పట్టుగా మారుతుందో చెప్పే అంకెను) 0.4 అనుకుంటే, పాదాలు జారకుండా పట్టి ఉంచే బలం మోకాలిలోతులో సుమారు 240 న్యూటన్లు (ఒక కిలో బరువంటే దాదాపు 9.8 న్యూటన్ల బలం), నడుములోతులో 137 న్యూటన్లు. ఇప్పుడు ప్రవాహం తోసే బలం చూడాలి. అది నీటి సాంద్రతలో సగాన్ని, ప్రవాహానికి ఎదురుగా ఉన్న వైశాల్యంతోనూ వేగపు వర్గంతోనూ గుణిస్తే వస్తుంది (ఆకారాన్ని బట్టి మారే గుణకాన్ని 1 అనుకుందాం). సెకనుకు ఒక మీటరు, అంటే మనిషి తీరుబడిగా నడిచే వేగంతో పారే నీరు, మోకాలిలోతులో రెండు కాళ్ల మీద సుమారు 75 న్యూటన్ల బలం చూపుతుంది, నడుములోతులో 150. పట్టు 137, తోపు 150. అంటే అంత మామూలు ప్రవాహంలోనే కాళ్లు నిలవవు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలై, మోకాలిలోతులో కూడా 300 న్యూటన్లకు చేరి, అక్కడి పట్టును కూడా మించిపోతుంది.

అనుభవజ్ఞులు ప్రవాహానికి పక్కగా తిరిగి, ఒక కాలు ఇంకో కాలి చాటున ఉండేలా, అడుగు ఎత్తకుండా జరుపుకుంటూ ఏటవాలుగా దాటడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. వైశాల్యం తగ్గితే తోపు తగ్గుతుంది. ఊతకర్ర మూడో పాదమై పట్టును పెంచుతుంది. మన పల్లెల్లో ఏటిలోనో చెరువు తూము దగ్గరో ఎవరైనా కొట్టుకుపోతే, నీళ్లలో ఉన్న దయ్యం కాలు పట్టి లాగిందని చెప్పుకోవడం ఉంది. కాలు కిందినుంచి ఏదో లాక్కుపోయినట్టు అనిపించడం మాత్రం అబద్ధం కాదు. పట్టుకూ తోపుకూ మధ్య ఆ 13 న్యూటన్ల తేడా అనుభవంలోకి వచ్చే తీరే అది. దయ్యాన్ని నమ్మేవారు తాయెత్తు కట్టుకుంటారు కానీ కర్ర పట్టుకోరు, నాకు అదే బాధ.

వేడర్స్ సొంతంగా చేసే ఉపకారమూ అపకారమూ కూడా ఈ తేలిక వల్లనే. చలికాలానికి వాడేవి ఎక్కువగా నియోప్రీన్‌వి. 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన ఈ కృత్రిమ రబ్బరును నురుగుగా పొంగించి, దానిలో వాయువు బుడగలను బంధిస్తారు. 5 మిల్లీమీటర్ల మందం, సుమారు 1.6 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న తొడుగు ఘనపరిమాణం 8 లీటర్లు, బరువు రెండు కిలోల లోపు. పూర్తిగా మునిగితే అది ఆరు కిలోలకు పైగా పైకి నెడుతుంది. నీళ్లలో పడ్డవాడికి అది వరం. నిలదొక్కుకోవాలనుకునేవాడికి, ఉన్న కాస్త పట్టునూ తగ్గించే శాపం. లోపల చిక్కుకున్న గాలిదీ ఇదే కథ. అందుకే లోతుకు వెళ్లకముందే ఒడ్డు దగ్గర గొంతుక్కూర్చుని, నీటి పీడనంతో గాలిని పై అంచు నుంచి బయటికి పోనిచ్చి, అప్పుడు నడుము బెల్టు బిగించాలి. ఆ గాలి కాళ్లను పైకి లేపి మనిషిని తలకిందులు చేస్తుందన్న భయం కూడా ఒకప్పుడు ఉండేది. లీ వుల్ఫ్ అనే ప్రసిద్ధ అమెరికన్ గాలపు వేటగాడు వేడర్స్ తొడుక్కుని వంతెన మీదినుంచి నదిలోకి దూకి, ఈదుకుంటూ బయటికి వచ్చి, ఆ భయం పోగొట్టాడు.

బెల్టు బరువును ఆపడానికి కాకపోతే మరి ఎందుకు? చలిని ఆపడానికి. నవంబరులో అక్కడి ఏటి నీరు 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగవచ్చు. ఆ చల్లదనంలో జొరబడ్డ 30 లీటర్ల నీటిని 30 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 3,300 కిలోజౌళ్లు కావాలి. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరం సెకనుకు దాదాపు 100 జౌళ్ల వేడి పుట్టిస్తుంది కాబట్టి, అది తొమ్మిది గంటల సంపాదన. బిగించిన బెల్టు ఐదు లీటర్లే రానిస్తే ఆ ఖర్చు గంటన్నరకు తగ్గుతుంది. పైగా వదులుగా తెరుచుకున్న పై అంచు ప్రవాహానికి ఎదురైతే, తొడుగు మొత్తం నీటిని పట్టి మనిషిని దిగువకు లాక్కుపోతుంది. బెల్టు దాన్నీ అడ్డుకుంటుంది. చన్నీటిలో పడ్డవారికి ఏమవుతుందో తన శరీరం మీదే ప్రయోగాలు చేసుకున్న మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఒక లెక్క చెబుతారు. ఎగశ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినడానికి పది నిమిషాలు, శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి ఒక గంట. వేడర్స్‌లో పడ్డవాడు మొదటి నిమిషంలో ఈదబోకుండా, తల పైకి ఉంచి ఊపిరి కుదుటపరచుకోవడమే మేలు.

నిజంగా కిందికి లాగేవి వేరే ఉన్నాయి. ఉక్కు సాంద్రత నీటికి దాదాపు ఎనిమిది రెట్లు కాబట్టి తుపాకీ గొట్టం నీటిలో తన బరువులో ఎనిమిదో వంతు మాత్రమే పోగొట్టుకుంటుంది. తూటాలదీ, చెట్టుకు కట్టుకునే ఇనుప మంచెదీ అదే తీరు. అందుకే దాటేముందు తూటాలు తీసేసి, వీపు సంచి ఛాతీ పట్టీనీ నడుము పట్టీనీ విప్పి ఉంచుకోవాలి, అవసరమైతే సంచిని విదిల్చుకోగలిగేలా. అవతలి గట్టు చేరాక వేడర్స్ విప్పి ఆరబెట్టడం కూడా తప్పనిసరి. నియోప్రీన్‌లో కిలోమీటరు నడిస్తే పట్టే చెమట, మంచె మీద కదలకుండా కూర్చున్న గంటల్లో ఒంటి వేడిని తోడేస్తుంది.

నీరు దాటితే మనిషి వాసన పోతుందని, జింక ఇక పసిగట్టలేదని వేటగాళ్లలో ఒక నమ్మకం ఉంది. అడుగుజాడల వాసన నీటిలో మిగలదన్నంతవరకు అది సరే. ఒంటి నుంచి గాలిలోకి వెళ్లే వాసనకు ఏరు అడ్డం కాదు. గాలి జింక వైపు వీస్తే అంత కష్టపడి దాటినదంతా వృథా.

వేట ఫలించిందనుకుందాం. 70, 80 కిలోల మగజింకను చిత్తడి నేల మీద ఈడ్వడం ఇద్దరికీ చెమటలు పట్టించే పని. ఏటిలో మాత్రం కొమ్ములకు తాడు కట్టి ఒక్కడే తీసుకురాగలడు. జింక శరీరం సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది, పైగా చలికాలపు బొచ్చులోని వెంట్రుకలు బోలుగా ఉండి గాలిని పట్టి ఉంచుతాయి. తాడును మాత్రం నడుముకు కట్టుకోకూడదు, చేత్తో పట్టుకోవాలి. తేలే కళేబరాన్ని కూడా ప్రవాహం తోస్తుంది, ఆ తోపు తాడు గుండా వచ్చి 137 న్యూటన్ల పట్టు మీదే పడుతుంది.