డిస్క్ పోయాక విండోస్ వేయడం: అపోహలు, వాస్తవాలు

"సిస్టమ్ బాగా స్లో అయింది, ఒకసారి ఫార్మాట్ కొట్టి ఇవ్వండి." రిపేరు షాపులో రోజూ వినపడే మాట ఇది. వైరస్ వల్ల స్లో అయితే ఫార్మాట్ పనిచేస్తుంది. డిస్కే పోతుంటే మాత్రం ఫార్మాట్ కొట్టడమంటే మిగిలిన డేటాని కూడా మన చేతులతో తుడిచేయడమే.

అపోహ: విండోస్ మళ్లీ వేస్తే పాడైన డిస్క్ దారికొస్తుంది.

కొన్నాళ్లు వచ్చినట్టే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. విండోస్ ఫైళ్లు ఈసారి డిస్క్‌లో బాగున్న చోట పడతాయి కాబట్టి నాలుగు రోజులు చక్కగా నడుస్తుంది. ఫుల్ ఫార్మాట్ కొడితే ప్రతి సెక్టార్‌లోనూ (డేటా దాచే చిన్న గడి) సున్నాలు రాస్తుంది. అప్పుడు డిస్క్ తన చెడ్డ సెక్టార్ల బదులు స్పేర్ సెక్టార్లను వాడుకుంటుంది. కానీ స్పేర్‌కి ఒక హద్దుంది, డిస్క్ లోపల డేటా ఉండే ప్లేటు మీద గీత పడితే అది అక్కడితో ఆగదు.

అందుకే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడండి. హార్డ్ డిస్క్ అయితే 05 (స్పేర్‌తో మార్చిన సెక్టార్లు), సీ5 (చదవలేక అనుమానంలో ఉన్నవి), సీ6 (సరిచేయలేనివి) అనే మూడు వరసలు ముఖ్యం. సీ5, సీ6 సున్నా దాటినా, 05 వారం వారం పెరుగుతున్నా ఆ డిస్క్‌ని నమ్మొద్దు. ఆ రా వాల్యూలు (అసలు అంకెలు) మొదట హెక్సాలో, అంటే పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో కనిపిస్తాయి. అక్కడ 10 అని ఉంటే అర్థం పదహారు. సెట్టింగ్ మార్చి డెసిమల్‌లో చూసుకోవచ్చు. సీ7 (డేటా అటూ ఇటూ పంపడంలో వచ్చిన తప్పులు) ఒక్కటే పెరుగుతుంటే అనుమానం డిస్క్ మీద కాదు, సాటా కేబుల్ మీద. ముందు కేబుల్ మార్చండి. పాత అంకె తగ్గదు, కొత్తగా పెరగకపోతే చాలు.

అపోహ: డేటా తీసే ముందు చెక్‌డిస్క్ (విండోస్‌లోని డిస్క్ తనిఖీ టూల్) నడపాలి.

తలకిందుల పద్ధతి. స్లాష్ ఆర్ (/r) పెట్టి చెక్‌డిస్క్ నడిపితే పార్టిషన్ మొత్తాన్నీ చదువుతుంది. కొన ఊపిరితో ఉన్న డిస్క్‌కి ఆ శ్రమే చాలు. పైగా ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే క్రమంలో లింకు తెగిన ఎంట్రీలను కొట్టేస్తుంది. ముందు లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైనక్స్) బూట్ చేసి, పాడైన డిస్క్‌లను కాపీ తీసే డీడీరెస్క్యూ టూల్‌తో వేరే డిస్క్ మీదికి కాపీ తీయండి. అది బాగున్న భాగాలను ముందు లాగేసి, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మొదలుపెట్టొచ్చు. అన్నిటికన్నా ముందు సోర్సు ఏదో, టార్గెట్ ఏదో రెండుసార్లు సరిచూసుకోండి. తిరగేస్తే ఖాళీ డిస్క్ వచ్చి డేటా మీద పడుతుంది.

టకటకమని చప్పుడొస్తుంటే ఇదీ చేయొద్దు, పవర్ తీసేయండి. ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా జోలికీ పోవద్దు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

అపోహ: డేటా డీ డ్రైవ్‌లో ఉంది కాబట్టి భయం లేదు.

సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లో గీసిన గీతలు. డిస్క్ పోతే రెండూ పోతాయి.

అపోహ: డిస్క్ మారిస్తే విండోస్ మళ్లీ కొనాలి.

అక్కర్లేదు. డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డుని చూసుకుంటుంది. విండోస్ 8 నుంచి కంపెనీ విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కీ బయోస్‌లోనే (మదర్‌బోర్డు మీదుండే సాఫ్ట్‌వేర్) ఉంటుంది. ఇన్‌స్టాల్‌లో కీ అడిగితే లేదని చెప్పి ముందుకెళ్లండి, పాత ఎడిషనే ఎంచుకోండి. హోమ్ లైసెన్స్ ఉన్నదానికి ప్రో వేస్తే యాక్టివేట్ కాదు. మదర్‌బోర్డు మారిస్తే కథ వేరు.

అపోహ: ల్యాప్‌టాప్‌లో రికవరీ పార్టిషన్ ఉంది, పెన్‌డ్రైవ్ ఎందుకు?

ఆ పార్టిషన్ కూడా పోయిన డిస్క్‌లోనే ఉంది కదా. ఇంకో కంప్యూటర్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11 వేయాలంటే టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) కావాలి, ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం నుంచి కుదురుతుంది.

అపోహ: సెటప్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ కనిపించలేదంటే అది డిఫెక్టే.

చాలాసార్లు ఎస్‌ఎస్‌డీ తప్పేమీ ఉండదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో వీఎండీ (డిస్క్‌లను ఇంటెల్ పద్ధతిలో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటుంది. దానికి తగ్గ డ్రైవర్ లేకపోతే సెటప్‌కి డిస్క్ కనిపించదు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. సెటప్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. లేదా బయోస్‌లో వీఎండీ ఆపేయండి. ఖాళీ డిస్క్‌కి ఇది ఇబ్బంది కాదు. ఇప్పటికే నడుస్తున్న విండోస్ మీద ఆపితే మాత్రం బ్లూ స్క్రీన్ వచ్చే ప్రమాదముంది.

కొనే ముందే స్లాట్ చూడండి. ఎం.2 (సన్నని పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ) ఆకారంలోనే సాటా రకమూ ఉంది, ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. కొన్ని స్లాట్లు ఒకదాన్నే తీసుకుంటాయి. పొడవు కూడా ముఖ్యం: 2280 అంటే 80 మిల్లీమీటర్లు, 2242 అంటే 42.

డిస్క్ కనిపించి, "జీపీటీ స్టయిల్" అంటూ ఇన్‌స్టాల్‌కి ఒప్పుకోలేదంటే పెన్‌డ్రైవ్ లెగసీ మోడ్‌లో (పాత బయోస్ పద్ధతి) బూట్ అయిందని అర్థం. మళ్లీ బూట్ మెనూకి వెళ్లి (డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9) యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉన్న పెన్‌డ్రైవ్ ఎంట్రీ ఎంచుకోండి. కొత్త డిస్క్‌లో పార్టిషన్లు మీరు గీయక్కర్లేదు. ఖాళీ జాగాని ఎంచుకుని నెక్స్ట్ కొడితే సెటప్పే చూసుకుంటుంది.

డెస్క్‌టాప్‌లో రెండో డిస్క్ ఉంటే ఇన్‌స్టాల్ అయ్యేదాకా దాని కేబుల్ పీకేయండి. లేకపోతే బూట్ ఫైళ్లు దాని మీదికి పోవచ్చు. రేపు దాన్ని తీసేస్తే విండోస్ లేవదు.

అపోహ: పాత డిస్క్‌ని ఎప్పుడైనా వేరే సిస్టమ్‌కి తగిలించి డేటా తీసుకోవచ్చు.

బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్త విండోస్ 11 సెటప్ చేసినప్పుడు అడగకుండానే ఆన్ అయి ఉండొచ్చు. ఆ కీ సాధారణంగా అదే అకౌంట్‌లో దొరుకుతుంది. అది లేకపోతే డిస్క్ బాగున్నా ఎవరూ తెరవలేరు.

అపోహ: డెస్క్‌టాప్ కనిపించింది, పనైపోయింది.

అంతకుముందూ, ఆ తర్వాతా చిక్కులుంటాయి. డెస్క్‌టాప్ రాకముందే వైఫై డ్రైవర్ లేక సెటప్ ఆగితే ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టండి, చాలాసార్లు గట్టెక్కిస్తుంది.

తెలుగులో పనిచేసేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. కొత్త విండోస్‌లో తెలుగుకి నిర్మల యూఐ అనే ఫాంట్ ఉంటుంది. పాత గౌతమి ఫాంట్ విడిగా వేసుకోవాల్సిన అదనపు ఫాంట్ల ప్యాకేజీలోకి వెళ్లింది. గౌతమిలో చేసిన వర్డ్ ఫైల్ తెరిస్తే లైన్లు జరిగిపోయి కనిపించేది అందుకే. ఐచ్ఛిక ఫీచర్లలో తెలుగు అదనపు ఫాంట్లు వేసుకుంటే సరిపోతుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి వాటితో చేసిన డీటీపీ ఫైళ్లు ఫాంట్ లేకపోతే పిచ్చి అక్షరాలుగా కనిపిస్తాయి. ఫైళ్లు పాడైపోయాయని వాటిని డిలీట్ చేయకండి. పాత డిస్క్ నుంచి డేటా తీసేటప్పుడే విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌ని కూడా కాపీ చేసి పెట్టుకోండి.