ఒక యుద్ధం బాకీ, మూడు విప్లవాలు

ఇంటర్మీడియట్‌లో చరిత్ర చదివినవాళ్లకు ఆ ప్రశ్న గుర్తుండే ఉంటుంది: అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి కారణాలు, ఫలితాలు వివరింపుము. ఇంకో అధ్యాయం తిప్పితే అదే ప్రశ్న ఫ్రాన్స్ పేరుతో ఎదురయ్యేది. గైడులో రాజకీయ కారణాలు, సాంఘిక కారణాలు, ఆర్థిక కారణాలు, మేధావుల ప్రభావం అంటూ శీర్షికలు బారులు తీరి ఉండేవి. రెండూ వేరువేరు పాఠాలు కాబట్టి, మొదటిదాని ఖర్చు రెండోదాని చిట్టాలో తేలిందన్న సంగతి మాత్రం కనిపించేది కాదు. లాక్, మాంటెస్క్యూ, రూసో ప్రభావం లేదని నేను అనను. కానీ రూసో రాతలు ఫ్రాన్స్‌లో పాతికేళ్లు చలామణీ అయినా సింహాసనం కదల్లేదు. 1789లో రాజు ప్రతినిధుల సభను పిలిచింది ఖజానా ఖాళీ అయి, వేరే దారి లేక. అందుకే ఈ కథను పద్దుల పుస్తకంతో మొదలుపెట్టాలి.

మొదటి పద్దు ఏడేళ్ల యుద్ధానిది. 1756 నుంచి 1763 దాకా బ్రిటన్, ఫ్రాన్స్ యూరప్‌లోనూ కెనడాలోనూ కరీబియన్ దీవుల్లోనూ తలపడ్డాయి. తెలుగు నేల మీద కూడా కొట్టుకున్నాయి. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డ్ సేన విజయనగరం ఆనంద గజపతిరాజు సాయంతో ఫ్రెంచివాళ్లను ఓడించింది. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుబడింది. అదే ఏడాది సెప్టెంబరులో కెనడాలో క్విబెక్ పడిపోయింది. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ గెలవని చోటంటూ పెద్దగా మిగల్లేదు. అయితే ప్రభుత్వ రుణం సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్లు దాటిపోయింది. ఏటా వచ్చే రాబడిలో సగానికి పైగా వడ్డీకే పోతోంది.

అమెరికా వలసల్లోని జనాన్ని కాపాడటానికే ఇంత ఖర్చయింది కదా, కొంత వాళ్లూ భరించాలి అన్నది లండన్ మంత్రుల వాదన. నిజం చెప్పాలంటే అది మరీ అన్యాయమైన వాదనేమీ కాదు. ఇంగ్లండులో ఉన్నవాడు అమెరికాలో ఉన్నవాడికంటే ఎన్నో రెట్లు పన్ను కట్టేవాడు. చిక్కల్లా పన్ను వేసే పార్లమెంటులో అమెరికన్లకు ఒక్క సీటు కూడా లేకపోవడం. 1765లో స్టాంపు చట్టం వచ్చింది. వార్తాపత్రిక, వీలునామా, లైసెన్సు, చివరికి పేకముక్కల కట్ట మీద కూడా ముద్ర ఉండాల్సిందే. స్టాంపు కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఆ విసుగు కొంతైనా అర్థమవుతుంది. కోపం ముందుగా తగిలింది లాయర్లకు, పత్రికలవాళ్లకు, వర్తకులకు. నోరున్నవాళ్లందరినీ ఒకేసారి కదిపిన చట్టం అది. ఏడాది తిరగకుండానే రద్దు చేశారు. కానీ అదే రోజున, వలసల మీద ఏ చట్టమైనా చేసే హక్కు తమకుందని మరో చట్టం కూడా చేసి పెట్టుకున్నారు.

టీ గొడవ ఇంకా విచిత్రమైనది. బోస్టన్‌లో పన్ను పెంచితే జనం తిరగబడ్డారని చాలామంది అనుకుంటారు. నిజానికి 1773 నాటి చట్టంతో టీ ధర తగ్గింది. అప్పటికి ఈస్టిండియా కంపెనీ దివాలా అంచున ఉంది. 1770 కరువులో బెంగాల్ శ్మశానమైంది, కంపెనీ వాటాల ధర కూలింది, గోదాముల్లో దాదాపు 77 లక్షల కిలోల టీ అమ్ముడుపోకుండా పడి ఉంది. కంపెనీని నిలబెట్టడానికి ప్రభుత్వం 14 లక్షల పౌండ్లు అప్పిచ్చి, ఆ టీని నేరుగా అమెరికాలో అమ్ముకోమంది. పాత సుంకం మాత్రం అలాగే ఉంచింది. చవక టీ తాగితే ఆ సుంకాన్ని ఒప్పుకున్నట్టే. పైగా దొంగరవాణా టీతో బతికే బోస్టన్ వర్తకులకు గిట్టుబాటు పోతుంది. ఆదర్శం, లాభం ఒకే పడవెక్కిన సందర్భమిది.

డిసెంబరు 16 రాత్రి బోస్టన్ జనం మూడు ఓడలెక్కి 340కి పైగా పెట్టెలు పగలగొట్టి టీని నీళ్లలో పారబోశారు. ఆ సమయానికి సముద్రం పోటు తగ్గి ఉంది. పోసిన టీ మునగకుండా ఓడ పక్కనే కుప్పగా పేరుకుంటుంటే దాన్ని తోస్తూ, తొక్కుతూ పని కానిచ్చారు. మిగతా సరుకు జోలికి పోలేదు. ఓడ కెప్టెన్‌ది ఒక తాళం విరిగితే దాని బదులు కొత్త తాళం ఇచ్చారని చెబుతారు. అన్నట్టు అది మన అస్సాం టీ కాదు. ఇండియాలో తేయాకు తోటలు అప్పటికి లేవు, ఆ సరుకంతా చైనాది.

తర్వాతి సంగతులు తెలిసినవే. 1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి, 1776 జూలైలో స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. 1778లో ఫ్రాన్స్ బరిలోకి దిగింది. ఫ్రెంచి రాజు 16వ లూయీకి ప్రజాస్వామ్యం మీద మమకారమేమీ లేదు. 1763 నాటి అవమానానికి బదులు తీర్చుకోవాలన్నదే కోరిక. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్‌ను చుట్టుముట్టిన సైన్యంలో ఫ్రెంచి దళాలు అమెరికన్లకు ఏమాత్రం తీసిపోవు, సముద్రం వైపు దారి మూసింది ఫ్రెంచి నౌకలే. ఒంట్లో బాగాలేదని చెప్పి కారన్‌వాలిస్ లొంగుబాటు తంతుకు కిందివాణ్ణి పంపాడు. ఆ పరాజితుణ్ణే అయిదేళ్ల తర్వాత గవర్నర్ జనరల్‌గా మనమీదికి పంపారు. ఆయన 1793లో బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 తర్వాత ఉత్తర సర్కారులకూ వచ్చింది.

ఫ్రాన్స్‌కు ఆ విజయం ఖరీదు వంద కోట్ల లీవర్లకు (నాటి ఫ్రెంచి డబ్బు) పైమాటే. ఆర్థిక వ్యవహారాలు చూసే నెక్కర్ కొత్త పన్నులు వేయకుండా అప్పుల మీదే యుద్ధం నడిపించాడు. అందులో ఒక రకం అప్పు ఉంది. సొమ్ము ఇచ్చినవాడు ఎవరో ఒకరి పేరు చెబుతాడు. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ ప్రభుత్వం ఏటా వడ్డీ కట్టాలి. వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ దాదాపు ఒకటే రేటు. జెనీవా బ్యాంకర్లు వైద్యుల సలహాతో, మశూచి వచ్చి తగ్గిన మంచి ఇంటి ఆడపిల్లలను వెతికి వాళ్ల పేర రాయించారు. దీర్ఘాయుష్మాన్‌భవ అన్న దీవెన ఫ్రెంచి ఖజానాకు శాపమైంది. 1781లో నెక్కర్ ప్రచురించిన లెక్కల్లో కోటి లీవర్ల మిగులు కనిపించింది, యుద్ధం ఖర్చు అందులో చూపలేదు కాబట్టి.

1788 నాటికి రాబడిలో సగం అప్పులకే పోతోంది. అంతకుముందు ఏడాదే కలోన్ అనే మంత్రి ప్రభువుల భూములకూ పన్ను వేద్దామన్నాడు. ఆ పెద్దమనుషులు ఒప్పుకోలేదు సరికదా, ఆయన పదవే ఊడింది. కొత్త పన్నుకు ఎస్టేట్స్ జనరల్ (మతాధికారులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభ) సమ్మతి కావాలన్నారు. అది చివరిసారి కూర్చున్నది 1614లో. తమ మినహాయింపులు కాపాడుకోవడానికి ప్రభువులు తెరిచిన తలుపు అది. ఆ తలుపులోంచి ఎవరు లోపలికి వస్తారో వాళ్లు ఊహించలేదు.

పన్నులు కట్టేవాళ్ల సంగతి వేరు. చాలా రాష్ట్రాల్లో ఎనిమిదేళ్లు దాటిన ప్రతివాడి పేరా పన్ను కలిపిన ఉప్పు ఏటా ఇంత కొనాలని కట్టడి ఉండేది, అవసరం ఉన్నా లేకున్నా. వసూళ్లు ఇజారాదార్లవి, అంటే రాజుకు సొమ్ము కట్టి పన్నుల వసూలు హక్కు కొనుక్కున్నవాళ్లవి. ప్యారిస్‌లోకి వచ్చే సరుకు తప్పించుకోకుండా వాళ్లు ఊరి చుట్టూ గోడే కట్టించారు. 1788 జూలైలో వడగళ్ల వాన పంటను నేలమట్టం చేసింది. మామూలు రోజుల్లో 8, 9 సూలకు (చిన్న ఫ్రెంచి నాణేలు) దొరికే రెండు కిలోల రొట్టె 1789లో 14న్నర సూలకు చేరింది. కూలీకి రోజంతా చెమటోడిస్తే వచ్చేది 20, 30 సూలు. ఇంట్లో నలుగురుంటే ఇక లెక్క వేయనక్కర్లేదు.

జూలై 14న బాస్టిల్ పడింది. దాని కోసం వెళ్లినవాళ్లకు ముఖ్యంగా కావలసింది తుపాకిమందు. లోపల ఖైదీలు ఏడుగురే. అంతకు రెండు మూడు రోజుల ముందే జనం ఆ గోడకున్న సుంకం గేట్లను నలభై దాకా తగలబెట్టారన్నది గైడుల్లో కనిపించదు. నా దృష్టిలో ఈ విప్లవం మొదటి మంట అదే. ఆ గోడ కట్టాలని ప్రతిపాదించినవాళ్లలో రసాయన శాస్త్రవేత్త లావోయిజే ఒకడు, ఆయన కూడా ఇజారాదారే. 1794 మేలో తోటి ఇజారాదార్లతో కలిపి ఆయన తల తీశారు. బాస్టిల్ తాళంచెవిని, అమెరికా యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెత్ జార్జి వాషింగ్టన్‌కు కానుకగా పంపాడు. అది ఇప్పటికీ వర్జీనియాలోని వాషింగ్టన్ ఇంటి గోడకు వేలాడుతోంది.

ఫలితాల జాబితా పెద్దదే. ఫ్రాన్స్‌లో 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువుల హక్కులు రద్దయ్యాయి, అదే నెలలో మానవ హక్కుల ప్రకటన వచ్చింది. అప్పు తీర్చడానికి చర్చి భూములను జాతీయం చేసి, వాటి హామీతో కాగితం డబ్బు అచ్చేశారు. అది విలువ పోగొట్టుకుంటూ ధరలను ఆకాశానికి ఎత్తింది. యుద్ధం, రాజు శిరచ్ఛేదం, భీభత్స పాలన, చివరికి నెపోలియన్. అమెరికాలో సంగతి కొంత నవ్వు తెప్పిస్తుంది. యుద్ధ రుణం తీర్చడానికి మసాచుసెట్స్ ప్రభుత్వం రైతుల మీద భారీ పన్నులు వేస్తే, 1786లో షేస్ అనే మాజీ కెప్టెన్ వెనక జనం కోర్టులను మూయించారు. బోస్టన్ పెద్దలు ఇప్పుడు లండన్ మంత్రుల భాషే మాట్లాడారు. ఆ భయం కూడా తోడై 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసుకున్నారు. సీట్ల లెక్కలో అయిదుగురు బానిసలను ముగ్గురుగా కట్టింది ఆ రాజ్యాంగమే.

బానిసలు మాత్రం ఆ ప్రకటనలను అక్షరాలా నమ్మారు. ఫ్రాన్స్‌కు అత్యంత లాభసాటి వలస సెయింట్ డొమింగ్‌లో (నేటి హైతీ) దాదాపు 5 లక్షల మంది చెరకు, కాఫీ తోటల్లో మగ్గేవారు. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు. 1794లో ప్యారిస్ బానిసత్వాన్ని రద్దు చేసింది, 1802లో నెపోలియన్ మళ్లీ తెచ్చాడు. ఆయన పంపిన సైన్యాన్ని తిరుగుబాటుదార్లు, పచ్చ జ్వరం కలిసి తుడిచిపెట్టారు. అమెరికా ఖండం మీద ఆశ వదులుకుని ఆయన 1803లో లూసియానాను కోటీ 50 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేశాడు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. స్వేచ్ఛ పేరుతో పుట్టిన అమెరికా దాన్ని గుర్తించడానికి 1862 దాకా ఆగింది.

1825లో ఫ్రెంచి యుద్ధనౌకలు హైతీ రేవు ముందు నిలిచాయి. దేశంగా గుర్తించాలంటే, పాత యజమానులు పోగొట్టుకున్న ఆస్తికి 15 కోట్ల ఫ్రాంకులు నష్టపరిహారం కట్టాలన్నారు. ఆ ఆస్తిలో తోటలతోపాటు ఒకప్పుడు బానిసలుగా ఉన్న ఆ మనుషులూ ఉన్నారు. మొదటి వాయిదాకే హైతీ ప్యారిస్ బ్యాంకుల దగ్గర అప్పు చేసింది. తర్వాత ఆ మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. అసలుకు వడ్డీ, వడ్డీ కోసం మరో అప్పు. ఆ బాకీతో ముడిపడిన రుణాలన్నీ తీరేసరికి 1947 వచ్చింది.