బండి ఒరిగితే దూకేయాలా?

మేడ్చల్ వైపు గోడౌన్లలో పదకొండేళ్లుగా ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాను. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ మొదటి వారంలోనే ఒక మాట అంటాడు: "అన్నా, బెల్టు పెట్టుకుంటే ఇరుక్కుపోతాం. లేకపోతే బండి ఒరిగినప్పుడు దూకేయొచ్చు కదా!"

దూకలేవు తమ్ముడూ. మూడు టన్నులు ఎత్తే బండి దానికదే నాలుగు టన్నుల పైన తూగుతుంది. ఒరుగుతోందని నీకు తెలిసేసరికి సగం ఒరిగిపోయి ఉంటుంది. నీ ఒళ్లు కూడా అటే తూలుతుంది, దూకినా అటే పడతావు. నీ వెనకే వచ్చి పడేది ఓవర్‌హెడ్ గార్డ్, అంటే తల మీదుండే కప్పు. లోపల కూర్చుంటే నిన్ను కాపాడే ఇనుప చట్రమే, బయటికి దూకితే నీ మీద పడుతుంది.

కూర్చుని నడిపే కౌంటర్‌బ్యాలెన్స్ బండిలో (ముందు లోడ్‌కి వెనక ఇనుప బరువుతో సరితూగేది) బెల్టు ఉంచుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, బండి పడే వైపు కాకుండా అవతలి వైపుకి వాలాలి. నిలబడి నడిపే, వెనక తెరిచి ఉండే రీచ్ ట్రక్ సంగతి వేరు. అందులో వెనక్కి అడుగేసి దిగిపొమ్మనే నేర్పుతారు. ఇది విని అన్ని బళ్లకూ అంటగట్టినట్టున్నారు.

ఒక వానాకాలం, లోడ్ దింపి ఖాళీ బండితో యార్డులో మలుపు తిప్పాను. స్పీడుగా, ముందుండే ఫోర్కులు (లోడ్ ఎత్తే ఇనుప చేతులు) దించకుండా. తప్పు నాదే. ఖాళీ బండి పడదని అప్పట్లో నేనూ నమ్మేవాణ్ణి. నిజానికి పక్కకు పడే విషయంలో ఖాళీ బండినే అస్సలు నమ్మకూడదు. బరువంతా వెనక ఉంటుంది, ఆ వెనక ఇరుసేమో మధ్యలో పిన్ను మీద ఊగుతుంది. ఆ రోజు బెల్టు పెట్టుకున్నది కూడా జాగ్రత్తతో కాదు, పొద్దున్నే సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టాడు కాబట్టి. బండి ఎడమవైపు పడింది. భుజం కమిలిపోయి వారం రోజులు మా ఆవిడే చొక్కా తొడిగింది. మర్నాడు వెళ్లి చూస్తే, గార్డ్ పైపు దిగిన చోట బురదలో జానెడు లోతు గాడి. దూకి ఉంటే నేను పడేది సరిగ్గా అక్కడే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మూడు టన్నుల బండి ఏ మూడు టన్నులైనా ఎత్తుతుందా? ఎత్తదు. ఆ లెక్క మామూలుగా బరువు కేంద్రం ఫోర్కుల మొదలు నుంచి 500 మిల్లీమీటర్లలో ఉన్నప్పటిది. పెట్టె పొడుగైనా, బాగా ఎత్తుకు లేపినా, ఫోర్కులకు అదనపు పరికరం (అటాచ్‌మెంట్) తగిలించినా తగ్గుతుంది. బండి మీద ఎంత ఎత్తగలదో రాసిన ప్లేటు చదవండి. లోడ్‌కి సరితూగే బరువు వెనక చాలడం లేదని ఇద్దర్ని అక్కడ ఎక్కించడం శుద్ధ మూర్ఖత్వం. కారు వచ్చు కదా అంటారా, ఇక్కడ స్టీరింగ్‌తో తిరిగేవి వెనక చక్రాలు. ముందు సందులో దూరిందని మురిసేలోపు తోక ర్యాక్‌కి తగులుతుంది.

నెల కిందట చేరిన కుర్రాడికి లోడ్ పైకి లేపేటప్పుడు ఇంకా చేతులు వణుకుతాయి. ఆ టెన్షన్ తగ్గుతుందిలే, సిగ్గుపడకు అన్నాను. వాడు ప్రతి మలుపులో ఆగి హారన్ కొడతాడు. నా గొడవంతా అలారం మోగకుండా బెల్టుని వీపు వెనక నుంచి తగిలించుకుని కూర్చునే సీనియర్లతోనే.