చెవి ఒప్పుకోని ట్రంపెట్

పెళ్ళి ఊరేగింపు బ్యాండులో ట్రంపెట్ మోగితే, వీధి చివరన ఉన్నవారు కూడా కళ్ళు మూసుకుని దాన్ని పోల్చుకుంటారు. పాత రేడియోలో గరగరల మధ్య వినిపించినా ఆ గుర్తింపు తప్పదు. అయితే ఆ ధ్వనిలో ట్రంపెట్ తనాన్ని నిలిపేది ఏమిటన్న ప్రశ్నకు 1960ల నాటి పాఠ్యపుస్తకాల సమాధానం చాలలేదు. ఆ లోటును బయటపెట్టి పూరించినవాడు ఫ్రాన్సు దేశస్థుడు జాన్ క్లోడ్ రిసే (1938–2016). ఆయన భౌతికశాస్త్రం చదివిన పరిశోధకుడు, ఆంద్రే జోలివే దగ్గర స్వరరచన నేర్చుకున్న సంగీతకర్త కూడా.

ఏ స్వరంలోనైనా మూల పౌనఃపున్యంతో (సెకనుకు జరిగే కంపనాల సంఖ్యతో) పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లుగా ఉండే అనుస్వరాలు కలిసి మోగుతాయనీ, వాటి పాళ్ళను బట్టే వాద్యానికి దాని ప్రత్యేక గుణం వస్తుందనీ పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించాడు. అదే పూర్తి నిజమైతే, ట్రంపెట్ అనుస్వరాల పాళ్ళను కొలిచి అంకెలుగా కంప్యూటరుకు ఇస్తే ట్రంపెట్ మోగాలి. 1964లో రిసే అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు వెళ్ళాడు. కంప్యూటరు చేత సంగీతం పలికించే ప్రోగ్రామును 1957లోనే రాసిన మాక్స్ మాథ్యూస్ అక్కడ ఉన్నాడు. అనుస్వరాల పాళ్ళు మారకుండా కూర్చిన స్వరం పుస్తకం ప్రకారం సరైనదే అయినా, చెవి దాన్ని ట్రంపెట్‌గా ఒప్పుకోలేదు.

అప్పుడు రిసే నిజమైన ట్రంపెట్ రికార్డింగులను కంప్యూటరుతో విశ్లేషించి, ఒక్కొక్క అనుస్వరం క్షణక్షణానికీ ఎలా పెరుగుతోందో, ఎలా తగ్గుతోందో విడివిడిగా గమనించాడు. స్వరం మొదలయ్యే ఆ సెకనులో కొన్ని వందో వంతుల వ్యవధిలో కింది అనుస్వరాలు ముందుగా లేస్తాయి, పైవి కాస్త ఆలస్యంగా వాటిని అందుకుంటాయి. వాద్యకారుడు గట్టిగా ఊదేకొద్దీ పై అనుస్వరాల వాటా మిగిలినవాటి కంటే ఎక్కువగా పెరుగుతుంది. ట్రంపెట్ గుణం స్థిరమైన పాళ్ళలో లేదు, తీవ్రతతో పాటు ఆ పాళ్ళు మారే తీరులో ఉంది. ఈ ఒక్క నియమాన్ని కంప్యూటరుకు చెప్పగానే, కొలతల్లోని మిగతా సూక్ష్మ వివరాలు చాలావరకు వదిలేసినా, ట్రంపెట్ పలికింది.

ఆ వదిలేయడంలోనే రిసే గొప్పతనం ఉందని నేను అనుకుంటాను. కొలిచినదంతా ముఖ్యం కాదు. ఒక వివరాన్ని తీసేసి స్వరాన్ని మళ్ళీ కూర్చి, తేడా తెలుస్తోందా లేదా అని చెవినే అడగాలి. అలా అడగడానికి గణితంతో పాటు సంగీతకర్త వినికిడి కావాలి. (ఇటువంటి చెవే మన సి.వి.రామన్‌కూ ఉంది. తీగను మీటిన చోట కదలిక లేకుండా ఉండాల్సిన అనుస్వరాలు సిద్ధాంతం ప్రకారం వినబడకూడదు. అయినా వీణలోను, తంబురలోను అవి వినబడుతున్నాయనీ, అందుకు కారణం ఆ వాద్యాల్లో తీగలు ఆని ఉండే వంతెన నిర్మాణమేననీ ఆయన 1921లో చూపించాడు.)

రిసే కనుగొన్నది త్వరగానే ఇతరులకు అక్కరకొచ్చింది. ఒక పౌనఃపున్యంతో మరొకదాన్ని ఊపి అనేక అనుస్వరాలను పుట్టించే పద్ధతిని 1967లో స్టాన్‌ఫర్డ్‌లో కనిపెట్టిన జాన్ చౌనింగ్, కొన్నేళ్ళ తర్వాత రిసే ట్రంపెట్‌ను గుర్తుచేసుకుని, తీవ్రతతో పాటు ఆ ఊపును కూడా పెంచి చూశాడు. ఇత్తడి వాద్యాల ధ్వని సులువుగా వచ్చింది. ఆ పద్ధతితోనే 1983లో యమహా డీఎక్స్7 కీబోర్డు మార్కెట్‌లోకి వచ్చింది.

రిసే 1968లో హిరోషిమా బాంబు నేపథ్యంగా ఉన్న ఒక ఫ్రెంచి నాటకానికి కంప్యూటరుతో సంగీతం కూర్చాడు. బాంబు దాడికి ముందు పరిశీలనకు వెళ్ళిన విమానచోదకుడి మనసులో ఆ బాంబు పతనం ఎన్నటికీ ముగియదు. దాన్ని వినిపించేందుకు, అంతకు నాలుగేళ్ళ ముందు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ షెపర్డ్ చూపించిన భ్రమను రిసే ఆధారం చేసుకున్నాడు. ఒకదానికొకటి ఒక్కో స్థాయి దూరంలో, అంటే పౌనఃపున్యం రెట్టింపయ్యే దూరంలో, ఉన్న స్వరాలు అనేకం ఒకేసారి కిందికి జారుతుంటాయి. అడుగుకు చేరేది వినబడనంత మెల్లగా మాయమవుతుంటే, పైన కొత్తది అంతే మెల్లగా పుడుతుంది. షెపర్డ్ మెట్లుమెట్లుగా చేసినదాన్ని రిసే ఎడతెగని జారుగా మార్చాడు. వింటున్నంతసేపూ ధ్వని పడిపోతూనే ఉంటుంది, నేలను మాత్రం తాకదు.

ఆయన చేసిన మరో ధ్వని ఇంకా వింతైనది. టేపును రెట్టింపు వేగంతో తిప్పితే ఏ స్వరమైనా పై స్థాయికి పోవాలి, కానీ ఈ ధ్వని కిందికి దిగినట్టు వినిపిస్తుంది. దీనిలో భాగాలు సరిగ్గా రెండు రెట్లుగా కాక అంతకు కొంచెం ఎక్కువ రెట్లుగా ఉంటాయి. ఉదాహరణకు 100, 210, 441, 926 హెర్ట్జ్‌ల వరుసను తీసుకుందాం. వేగం రెట్టింపైతే మొదటి మూడూ 200, 420, 882 అవుతాయి. చెవి 200ను పాత 100తో పోల్చదు, పక్కనే ఉన్న 210తో పోలుస్తుంది. అలాగే 420ని 441తో, 882ను 926తో పోలుస్తుంది. కొలిచే పరికరం ప్రతి పౌనఃపున్యమూ రెట్టింపైందని చూపిస్తూ ఉండగానే, వినేవారికి స్వరం దాదాపు ఒక అర్ధస్వరం దిగిపోతుంది.