స్కూల్ మీట్‌లో ఫస్ట్ వచ్చిన పిల్లలు ఏమవుతారు?

2002 జులైలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. 200 మీటర్ల పరుగుకు ముందు ఉసేన్ బోల్ట్‌కి ఎంత టెన్షన్ పట్టుకుందంటే, ఒక కాలి బూటు ఇంకో కాలికి తొడుక్కున్నాడు. అప్పటికి అతని వయసు 15. పోటీలో చాలామంది అతనికంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లు. అయినా 20.61 సెకన్లలో గెలిచాడు. 2004లో బెర్ముడాలో 19.93 సెకన్లలో పరుగెత్తాడు. అంతకుముందు జూనియర్లలో ఎవరూ 20 సెకన్ల లోపు 200 మీటర్లు పూర్తి చేయలేదు.

బోల్ట్ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడి నుంచి నేరుగా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ మధ్య ఏళ్లే ముఖ్యమనిపిస్తాయి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అతను గాయంతో దిగి మొదటి రౌండ్‌లోనే వెనుదిరిగాడు. 2005 హెల్సింకి ప్రపంచ పోటీల్లో ఫైనల్‌కైతే వచ్చాడు గానీ, పరుగు మధ్యలో గాయపడి 26.27 సెకన్లకు, అందరికంటే చివర గీత దాటాడు. పుట్టుకతోనే అతని వెన్ను కొంచెం వంకర. ఆ వంకర వల్ల తొడ వెనక కండరాలు మాటిమాటికీ దెబ్బతినేవి. గ్లెన్ మిల్స్ కోచ్‌గా వచ్చాక ముందు చూసింది స్టాప్‌వాచ్‌ను కాదు, నడుమును, పొట్ట కండరాలను. వాటిని గట్టిపరచడానికి ఏళ్లు పట్టింది. 2007లో ఒసాకా ప్రపంచ పోటీల్లో 200 మీటర్ల రజతం, 100 మీటర్లలో 2008లో బీజింగ్‌లో 9.69 సెకన్లు, 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లు ఆ తర్వాతే వచ్చాయి. 2005 చివర్లో ఎవరైనా లెక్క వేసి ఉంటే, చిన్నప్పుడు మెరిసి ఆరిపోయినవాళ్ల జాబితాలోనే బోల్ట్ పేరు రాసేవారు.

అదే జమైకాలో ఎలైన్ థాంప్సన్ కథ ఇంకోలా నడిచింది. అక్కడ ఏటా జరిగే హైస్కూల్ పోటీలను ‘చాంప్స్’ అంటారు. 1910లో మొదలైన ఆ పోటీలకు నేషనల్ స్టేడియం కిక్కిరిసిపోతుంది. ఆ చాంప్స్‌లో ఎలైన్ పేరుమోసిన అమ్మాయి కాదు, బంగారు పతకాలేమీ రాలేదు. తర్వాత ఆమే 2016 రియోలో 100, 200 మీటర్లు రెండూ గెలిచింది. టోక్యోలో మళ్లీ ఆ రెండూ గెలిచింది.

ఒకే దేశం, అవే స్కూల్ పోటీలు. మరి చిన్నప్పటి వేగం రేపటి గురించి ఏమైనా చెబుతుందా, లేదా?

ఈ ప్రశ్నకు పరిశోధనలు పైకి పొంతన లేని రెండు జవాబులు ఇస్తాయి. అమెరికాలో లొంబార్డో, డీనర్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో 15 మంది ఒలింపిక్ స్ప్రింట్ విజేతల జీవిత వివరాలు పరిశీలించారు. పద్ధతిగా శిక్షణ మొదలవకముందే వాళ్లందరూ తోటి పిల్లలకంటే వేగంగా పరుగెత్తేవాళ్లని తేలింది. అంటే వేగానికి పుట్టుకతో వచ్చే పునాది ఉంది, అది చిన్నప్పుడే కనబడుతుంది.

జర్మనీకి చెందిన గ్యుల్లిష్ బృందం 2023లో ప్రచురించిన విశ్లేషణ మరో వైపు నుంచి చూసింది. అది ఒక్క పరుగుకే పరిమితం కాదు, అనేక క్రీడలను కలిపి చూసిన లెక్క. 17, 18 ఏళ్ల లోపు విభాగాల్లో అంతర్జాతీయ స్థాయికి చేరిన పిల్లల్లో దాదాపు 89 శాతం మంది పెద్దయ్యాక ఆ స్థాయికి రాలేదు. అటునుంచి చూస్తే, పెద్దల్లో అంతర్జాతీయ స్థాయి ఆటగాళ్లలో 82 శాతం మంది చిన్నప్పుడు ఆ స్థాయిలో లేనివాళ్లే.

ఈ అంకెలను తొందరపడి చదవకూడదు. 89 శాతం రాలేదంటే 11 శాతం వచ్చారు. ఏదో ఒక బడిలో ఏదో ఒక పిల్లాడికి అంతర్జాతీయ స్థాయికి చేరే అవకాశం ఎంత? దాంతో పోలిస్తే పదకొండు శాతం చాలా పెద్దది. కాబట్టి చిన్నప్పటి మెరుపు ఉత్తిదని ఈ లెక్క చెప్పడం లేదు. అది చాలదని మాత్రం చెబుతోంది.

నా ఉద్దేశంలో ఈ రెండు పరిశోధనలూ కొలిచినవి వేరువేరు విషయాలు. వీధిలో, బడిలో అందరికంటే ముందుండటం ఒకటి. 14 ఏళ్లకు రాష్ట్రంలోనో దేశంలోనో ఫస్ట్ రావడం ఇంకొకటి. మొదటిదానికి వేగం చాలు. రెండోదానికి వేగంతో పాటు తోటివాళ్లకంటే ముందే ఎదిగిన ఒళ్లు కూడా చాలాసార్లు తోడవుతుంది.

పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు స్ప్రింటర్ పాదం నేల మీద ఆనేది సెకనులో పదో వంతు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో నేలను ఎంత బలంగా తన్నగలిగితే అంత వేగం. కాళ్లు గాల్లో ఎంత చురుగ్గా కదులుతున్నాయన్నదానికంటే ఈ తన్నే బలమే ఎక్కువ తేడా తెస్తుందని 2000లో పీటర్ వేయాండ్ బృందం కొలిచి చూపింది. ఆ బలం కండరం నుంచి రావాలి. మగపిల్లల్లో కండరాన్ని పెంచేది యుక్తవయసులో పొంగే టెస్టోస్టెరాన్ హార్మోన్. ఒక్కసారిగా ఎత్తు పెరిగే దశ మగపిల్లలకు సగటున 14 ఏళ్లప్పుడు, ఆడపిల్లలకు 12 ఏళ్లప్పుడు వస్తుంది. సగటు అంతే, ఒకరికి రెండేళ్లు ముందు రావచ్చు, ఇంకొకరికి రెండేళ్లు వెనక. అందుకే అండర్-14 రేసులో పక్కపక్క లైన్లలో నిలబడ్డ ఇద్దరు అబ్బాయిల పుట్టిన ఏడాది ఒకటే అయినా, ఒకడికి నూనూగు మీసాలుంటాయి, ఇంకొకడి గొంతు కూడా మారి ఉండదు. మూడేళ్ల తర్వాత రెండోవాడూ ఎదుగుతాడు, అప్పటిదాకా ట్రాక్ మీద మిగిలుంటే.

ఆడపిల్లల విషయం ఇంకా సున్నితం. యుక్తవయసులో వాళ్ల తుంటి భాగం వెడల్పవుతుంది, ఒంట్లో కొవ్వు పాలు పెరుగుతుంది. 13 ఏళ్లకు గాలిలా దూసుకెళ్లిన అమ్మాయి టైమింగ్ 15 ఏళ్లకు కదలకపోవచ్చు, కొన్నాళ్లు వెనక్కి కూడా పోవచ్చు. అది శరీరం కొత్త కొలతలకు అలవాటుపడే సమయం. సరిగ్గా అప్పుడే ‘లావెక్కావు, తిండి తగ్గించు’ అనే మాట వినబడుతుంది. ఎముకలు బలపడాల్సిన వయసులో తిండి తగ్గిస్తే నెలసరి ఆగడం, ఎముకలకు సన్నటి పగుళ్లు రావడం దాకా పోతుంది. అమ్మానాన్నలు గానీ కోచ్‌లు గానీ ఆ మాట అనకూడదని గట్టిగా చెప్పాలి.

మన దేశంలో దీనికి వయసు తగ్గించిన సర్టిఫికెట్ల బెడద కూడా కలిసింది. జూనియర్ పోటీల్లో ఎముకల వయసు చూసే ఎక్స్‌రే పరీక్షలు అందుకే వచ్చాయి. 16 ఏళ్లవాడు 14 ఏళ్ల విభాగంలో గెలిస్తే పతకం ఒక్కటే పోదు. నిజంగా 14 ఏళ్లున్నవాడు తనకు వేగం లేదనుకుని ఆట మానేస్తాడు. ఆ నష్టం ఏ రికార్డులోనూ కనబడదు.

హైదరాబాద్ హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ నాలుగో తరగతికే పిల్లలను ఎంపిక చేస్తుంది. 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, షటిల్ రన్, 800 మీటర్లు వంటి పరీక్షలు పెడతారు. ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో ఏ ఆట అని తేల్చకుండా ఇలా రకరకాలుగా చూడటం మంచిదే. అయితే ఆ వయసులో దొరకనివాళ్ల కోసం 15, 16 ఏళ్లప్పుడు అంతే పెద్ద తలుపు ఇంకొకటి ఉండాలి. ప్రతి జిల్లాలోనూ ఉండాలి.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీలో స్కూల్ పీఈటీ గమనించింది ఆమె ఎత్తును. హర్డిల్స్‌కు పనికొస్తుందని అనుకున్నారు. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి చెక్కుచెదరని 13.38 సెకన్ల జాతీయ రికార్డును ఆమె 2022లో, 22 ఏళ్ల వయసులో సైప్రస్‌లో 13.23తో దాటింది. మరుసటి ఏడాదికి 12.78కి చేరింది. పీఈటీ చూసినదానికీ ఈ అంకెలకూ మధ్య ఎన్నో ఏళ్ల శిక్షణ ఉంది.

హిమా దాస్ దారి వేరు. 2018లో 18 ఏళ్లకే ఫిన్లాండ్‌లో 400 మీటర్ల ప్రపంచ అండర్-20 స్వర్ణం, అదే ఏడాది ఆసియా క్రీడల్లో 50.79తో రజతం సాధించింది. తర్వాత నడుము గాయం ఆమెను 400 నుంచి చిన్న దూరాలవైపు మళ్లించింది. ఆమె ప్రతిభ అబద్ధం కాదు. ఒక శరీరం ఎంత భారం మోయగలదో ముందుగా చెప్పే పరీక్ష ఇంకా ఏదీ లేదు, జన్యు పరీక్షతో సహా. ‘వేగపు జన్యువు’ అని పేరుపడ్డ ఏసీటీఎన్3 రకం లోకంలో ఎక్కువమందిలో ఉంది. ఉన్నవాళ్లంతా స్ప్రింటర్లు కారు కదా.

అందుకే టైమింగ్ ఒక్కటే రాసుకునే కోచ్ సగం సమాచారం పారేసుకుంటున్నట్టే. పక్కనే ఎత్తు, గత ఏడాది ఎంత పెరిగారు, ఎన్నాళ్లుగా శిక్షణలో ఉన్నారు, ఎన్నిసార్లు గాయపడ్డారు కూడా ఉండాలి. నాలుగేళ్లు గట్టిగా సాధన చేసి 100 మీటర్లు 11.2 సెకన్లలో పరుగెత్తే అబ్బాయికంటే, ఆరు నెలల క్రితం చేరి 11.5లో పరుగెత్తే సన్నపాటి అబ్బాయిలో ఎదిగే చోటు ఎక్కువ ఉండొచ్చు. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన అనిమేష్ కుజూర్ చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడేవాడు. ట్రాక్ మీదికి వచ్చింది 18 ఏళ్ల వయసులో, 2021లో. నాలుగేళ్లకు, 2025 జులైలో, గ్రీస్‌లో 10.18 సెకన్లతో 100 మీటర్ల జాతీయ రికార్డు తన పేరిట రాసుకున్నాడు. 14 ఏళ్ల స్ప్రింటర్ల జాబితా ఎవరు తయారుచేసినా అందులో అతని పేరు ఉండేది కాదు.