విచారించడం అనే పని: హైదరాబాద్ కతోలిక చర్చిల్లో పేదల ఇళ్ళకు వెళ్ళే అలవాటు ఎక్కడిది?

ఒక చర్చి, దాని కింద ఉండే విశ్వాసులు, ఇళ్ళు కలిపి పారిష్; తెలుగు కతోలికులు దాన్ని ‘విచారణ’ అంటారు. దాన్ని చూసుకునే ఫాదర్‌గారు ‘విచారణ గురువులు’. బయటివాళ్ళకి ఆ మాట వినగానే పోలీస్ స్టేషనో కోర్టో గుర్తొస్తుంది, మాకేమో బాగోగులు కనుక్కోవడం. చర్చి తరఫున బస్తీలకు వెళ్ళే మాలాంటి వాలంటీర్ల పని ఈ రెండు అర్థాల మధ్య ఇరుక్కుని ఉంటుంది. “ఎట్లున్నవమ్మా” అని అడగాలి. గదికి కిరాయి ఎంత, కొడుకు డబ్బులు పంపుతున్నాడా, రేషన్ కార్డు ఉందా అనీ అడగాలి. రెండో రకం ప్రశ్నలు ఎక్కువైతే మొదటిది ఉత్త పలకరింపు అయిపోతుంది.

అసలు ఇంటికెందుకు వెళ్ళడం? చర్చి గేటు దగ్గరే బియ్యం ఇచ్చి పంపేయొచ్చు కదా అని కొత్తగా చేరినవాళ్ళు ప్రతిసారీ అడుగుతారు. జవాబు కోసం చాలా వెనక్కి పోవాలి.

1617లో ఫ్రాన్స్‌లోని షాటియో అనే చిన్న ఊళ్ళో విన్సెంట్ డి పాల్ గురువుగా ఉన్నాడు. ఒక ఆదివారం పూజకు సిద్ధమవుతుంటే, ఊరి బయట ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారని, వండి పెట్టే దిక్కు కూడా లేదని కబురొచ్చింది. ప్రసంగంలో ఆ సంగతి చెప్పాడు. మధ్యాహ్నం తానూ బయల్దేరితే, దారి పొడుగునా జనమే. తిండి పట్టుకుని వెళ్ళేవాళ్ళు కొందరు, ఇచ్చేసి తిరిగొచ్చేవాళ్ళు కొందరు. ఎవరైనా ఆ దృశ్యం చూసి మురిసిపోయేవారే. విన్సెంట్ మాత్రం లెక్క వేసుకున్నాడు: ఇవాళ వచ్చిపడినదంతా పాడైపోతుంది, ఎల్లుండి ఆ ఇంట్లో మళ్ళీ పస్తే. అందుకని ఊళ్ళోని ఆడవాళ్ళను కూర్చోబెట్టి, రోజుకొకరు వంతు వేసుకునేలా ఏర్పాటు చేశాడు. పండగనాడు నాలుగు అన్నదానాలు ఒకే వీధిలో పోటీ పడి, మర్నాడు అదే వీధి ఖాళీగా ఉండటం చూసినవాళ్ళకి ఆ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

రెండు వందల ఏళ్ళ తర్వాత విన్సెంట్ పేరే పెట్టుకుని ఇంకో సంఘం పుట్టింది. 1832లో పారిస్‌ను కలరా తుడిచిపెట్టింది. ఆ రోజుల్లో ఫ్రెడెరిక్ ఓజనామ్ అనే విద్యార్థి చర్చి గొప్పతనం గురించి చర్చా వేదికలో గట్టిగా వాదిస్తుంటే, అవతలి పక్షం ‘అదంతా గతం, ఇప్పుడు మీరేం చేస్తున్నారు’ అని నిలదీసింది. దానికి అతని దగ్గర సమాధానం లేదు. 1833 ఏప్రిల్ 23న ఓజనామ్‌తో కలిపి ఆరుగురు కుర్రాళ్ళు, వాళ్ళకు పెద్దదిక్కుగా ఇమ్మాన్యుయేల్ బయీ అనే పత్రికా సంపాదకుడు, మొదటిసారి కూర్చున్నారు. అప్పటికి ఓజనామ్ వయసు 20. ఏ ఇంటికి వెళ్ళాలో, వెళ్ళి ఎలా మాట్లాడాలో నేర్పింది మాత్రం రోజలీ రాండ్యు అనే సిస్టర్. పారిస్ మురికివాడల్లో గడప గడపా ఆమెకు తెలుసు. సంఘం పుట్టుక చెప్పేటప్పుడు ఈ సిస్టర్ పేరు ఒక్కోసారి జారిపోతుంది, అది నాకు నచ్చదు.

విన్సెంట్ డి పాల్ సభ 19వ శతాబ్దంలోనే మన దేశానికి వచ్చింది. వారానికోసారి కూర్చోవడం, ఇద్దరిద్దరుగా ఇళ్ళకు వెళ్ళడం, మతం చూడకపోవడం, చూసినది బయట చెప్పుకోకపోవడం దాని పద్ధతులు.

మన ఊరి కథ కాస్త వేరేగా నడిచింది. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చి 1850 నాటిది, దండు (కంటోన్మెంట్) సైనికుల కాలం. 1871లో ఇటలీ నుంచి సెయింట్ ఆన్స్ సిస్టర్లు వచ్చారు. హైదరాబాద్ 1886లో మేత్రాసనం (బిషప్ పరిధి), 1953లో అగ్రపీఠం (ఆర్చిబిషప్ స్థానం) అయింది. ఈ కాలమంతా సేవ అంటే బడి, అనాథాశ్రమం, దవాఖానా. చేసేది ఫాదర్లు, సిస్టర్లు. విశ్వాసుల వంతు చందా పళ్ళెంలో వేయడమే.

ఆ తర్వాత అమెరికా పాలపొడి రోజులు వచ్చాయి. 1954లో ఆ దేశం చేసిన పీఎల్-480 చట్టం కింద మిగులు ధాన్యం, పాలపొడి, నూనె డబ్బాలు ఓడలెక్కి వచ్చేవి. కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ లాంటి సంస్థల చేతుల మీదుగా మిషన్ కాంపౌండ్ల దాకా చేరేవి. మా అమ్మమ్మ ఆ వరుసలో నిలబడ్డది. పొడిని నీళ్ళలో కలపకుండానే పిల్లలు నోట్లో వేసుకుంటే అంగిట్లో అంటుకుపోయేదని నవ్వుతూ చెప్పేది. ఎంతమంది పిల్లలు, ఏ ఊరు అని అడిగి రాసుకునేవాళ్ళని చెప్పేటప్పుడు మాత్రం నవ్వేది కాదు. ‘బియ్యానికి మతం మారినోళ్ళు’ అన్న ఎత్తిపొడుపు ఇప్పటికీ వినబడుతుంది. ఆకలితో ఉన్నవాడి చేతిలో తిండి పెట్టడం తప్పు కాదు. కానీ ఇచ్చేవాడు ఎత్తులో, తీసుకునేవాడు వరుసలో ఉన్నంతకాలం ఆ మాటకు చోటు దొరుకుతూనే ఉంటుంది.

సేవ ఫాదర్ల సొత్తు కాదని పైనుంచి గట్టిగా చెప్పింది, ప్రపంచంలోని బిషప్పులంతా కూర్చున్న రెండో వాటికన్ మహాసభ. మామూలు విశ్వాసుల సేవా బాధ్యత మీద 1965లో ప్రత్యేకంగా ఒక ఆదేశపత్రమే వెలువడింది. పేదలను, బాధల్లో ఉన్నవాళ్ళను, ఒంటరివాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాలని 1983 నాటి చర్చి చట్టం 529వ నిబంధన విచారణ గురువులకు చెబుతుంది. గేటు దగ్గర కూర్చుంటే చాలదన్నమాట.

ఇంకో ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితులు ఎస్సీలు కారు. తెలంగాణలో వాళ్ళు బీసీల్లోని సీ గ్రూపు, రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకని మా చర్చిలో సంచీ మోసేవాళ్ళూ, అందుకునేవాళ్ళూ చాలాసార్లు ఒకే రకం ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఒక తరం తేడా, అంతే. 2022లో తొలి దళిత కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి పెద్ద) అయిన పూల అంతోనిగారు మన అగ్రపీఠాధిపతే. ఆ వార్త వచ్చిన రోజు సంబరాలు ఎక్కడెక్కడ జరిగాయో చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

2020 మా లిస్టుల బండారం బయటపెట్టింది. మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. చర్చి పుస్తకంలో పేరున్న కుటుంబాలకు కిట్లు సిద్ధమయ్యాయి. పుస్తకంలో లేనివాళ్ళో? బిల్డింగుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే జార్ఖండ్, ఒడిశా కూలీలకు ఇక్కడ రేషన్ కార్డూ లేదు, చర్చి పుస్తకంలో పేరూ లేదు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలేదాకా, ఎవరు మనవాళ్ళు అన్న ప్రశ్న మీద మా మధ్య బాగానే గొడవలయ్యాయి.

అదే ఏడాది సెప్టెంబర్‌లో విదేశీ విరాళాల చట్టం మారింది. విదేశీ డబ్బు ఢిల్లీలోని ఒకే ఎస్‌బీఐ శాఖకు రావాలి, ఒక సంస్థ తీసుకున్నది మరో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థల నుంచి చిన్నవాటికి పారే కాలవ అక్కడితో ఆగింది. మా బృందానికి ఆ కాలవ ఎప్పుడూ లేదు కాబట్టి ఎండిన బాధా లేదు. మాకున్నది ఒక గుడ్డ సంచీ.

మీటింగ్ చివర అది చేతులు మారుతుంది. ఎవరెంత వేశారో కనబడకుండా పిడికిలి లోపలికి పెట్టి తీయాలి. ఏమీ లేనివాళ్ళు కూడా పిడికిలి పెట్టి తీస్తారు. తర్వాత బల్ల మీద బోర్లిస్తాం. పోయినసారి పది రూపాయల నోట్లే ఎక్కువ, ఒకటి చిరిగింది. కోశాధికారి లెక్కపెట్టి, ఒక పెద్దావిడ షుగర్ మందులకు సరిపోతుందన్నాడు, ఆమె పక్క గదివాళ్ళ కరెంటు బిల్లుకు సరిపోదు. ఆ చిరిగిన నోటు ఎవరు మారుస్తారన్న మాట మీద ఇంకో పావుగంట గడిచింది.