చెక్కు మీద పేరు, ఖాతాలో పేరు

చెక్కు మీద 'కె. లక్ష్మి' అని ఉంటుంది. పాసుబుక్కులో మాత్రం ఇంటిపేరు విప్పి, నడుమ 'వెంకట' చేర్చి ఉంటుంది. ఒక బ్రాంచిలో మాట్లాడకుండా జమ చేస్తారు, పక్క బ్రాంచిలో వెనక్కి ఇచ్చేస్తారు. ఆ డబ్బుతోనే ఆసుపత్రి బిల్లు కట్టాల్సిన మనిషికి అది ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

ఈ తేడాకు మూలం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఉంది. క్రాస్ చేసిన (మీద రెండు అడ్డగీతలు గీసిన) చెక్కును ఖాతాదారు కోసం వసూలు చేశాక, అది అసలు అతనిది కాదని తేలినా బ్యాంకు మీద బాధ్యత పడదని 131వ సెక్షన్ చెబుతుంది. అయితే బ్యాంకు మంచి ఉద్దేశంతో, నిర్లక్ష్యం లేకుండా పని చేసి ఉండాలి. పేరులో ఎన్ని అక్షరాలు తేడా ఉండొచ్చో అందులో లేదు. ఏది నిర్లక్ష్యమో కోర్టు ఆ కేసును బట్టి తేలుస్తుంది. అందుకే కౌంటర్‌లోని ఉద్యోగికి ఆ భయం.

ఇంగ్లండ్‌లో 1882 చట్టం దీన్ని సూటిగానే చెప్పింది: పేరు తప్పుగా రాసి ఉంటే, ఉన్నది ఉన్నట్టు సంతకం చేసి, కావాలంటే కింద అసలు సంతకమూ పెట్టొచ్చు. మన దగ్గరా చెక్కు వెనక రెండు పేర్లతో సంతకం తీసుకునే అలవాటు ఉంది. మనకు అది చాలా అవసరం కూడా. ఇంటిపేరు ముందుంటుంది, పొడి అక్షరమవుతుంది, పెళ్లయ్యాక మారుతుంది. 'లక్ష్మి'ని ఇంగ్లిషులో ఒకరు 'కేఎస్'తో, మరొకరు 'ఎక్స్'తో రాస్తారు.

తర్వాత పట్టు బిగిసింది. 'అకౌంట్ పేయీ' అని రాసిన, అంటే పేరున్నవారి ఖాతాకే పోవాల్సిన చెక్కును వేరొకరి ఖాతాలో వేయొద్దని రిజర్వ్ బ్యాంకు కట్టడి చేసింది. చెక్కు బదులు దాని బొమ్మను పంపే సీటీఎస్ 2008లో ఢిల్లీలో, 2011లో చెన్నైలో మొదలైంది. సొమ్ము చెల్లించే బ్యాంకు చూసేది బొమ్మనే. సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుందో చూసుకోవాల్సింది జమ చేసుకునే బ్యాంకే. పేరు కొట్టేసి, పక్కన సంతకంతో దిద్దే పాత వెసులుబాటు కూడా సీటీఎస్‌లో పోయింది. తేదీ తప్ప ఇంకేం దిద్దినా చెల్లదు.

నా ఉద్దేశంలో ఇనీషియల్, స్పెల్లింగ్ తేడాలకు ఆధార్, పాన్ చూసి జమ చేయడం న్యాయం. కాదంటే ఎందుకు కాదో బ్యాంకు రాసివ్వాలి. పేరే వేరైతే మాత్రం కొత్త చెక్కు అడగాల్సిందే. ఆలస్యం చేయకూడదు: 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు చెల్లేది 3 నెలలే.